ఐసీయూలో రక్తం ఎక్కించాలా, ఆగాలా? ఎక్కిస్తే ఏ రక్తం, ఎవరి రక్తం?

తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ ముందు కూర్చున్నా, రాత్రి ఏదో ఒక వేళ నర్సు బయటికి వచ్చి రోగి తాలూకు వాళ్ళ చేతిలో ఒక చీటీ పెడుతుంది. రోగి పేరు, గ్రూపు, కింద "రెండు యూనిట్లు" అని ఉంటుంది. ఆ క్షణం నుంచి ఫోన్లు మొదలవుతాయి. పలమనేరులో ఉన్న తమ్ముడికి, పీలేరులో ఉన్న బావమరిదికి, పుత్తూరులో చదువుకుంటున్న మేనల్లుడికి. పాతికేళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే బ్లడ్ బ్యాంకు కౌంటరుకు ఇవతలి వైపు నిలబడి ఆ చీటీలు అందుకున్నవాణ్ణి కాబట్టి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏదో నాకు కంఠతా వచ్చు: "ఎవరి రక్తం ఇస్తే మంచిది సార్?"

నా అనుభవంలో అది చివర అడగవలసిన ప్రశ్న. అంతకు ముందు మూడు ప్రశ్నలున్నాయి. ఇప్పుడు రక్తం నిజంగా అవసరమా, అవసరమైతే ఎంత, ఏ పద్ధతిలో సిద్ధం చేసిన రక్తం. ఐసీయూలో ఉన్న మనిషి రోగనిరోధక వ్యవస్థ మీద ఎక్కువ ప్రభావం చూపేవి ఈ మూడే.

ముందే ఒక హెచ్చరిక చెప్పాలి. రోడ్డు ప్రమాదంలోనో, కాన్పులోనో, కడుపులో పుండు పగిలో రక్తం ధారగా పోతున్నప్పుడు ఈ వ్యాసంలోని తూకాలేవీ పనికిరావు. అప్పుడు డాక్టరు అడిగిన చోట సంతకం పెట్టి, ఇచ్చిన రక్తం తీసుకోవడమే పని. రక్తస్రావం ఆగి లేదా అసలు లేకుండా, హిమోగ్లోబిన్ మాత్రం తగ్గుతూ ఐసీయూలో పడి ఉన్న రోగి గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం.

దేన్ని బట్టి తూచాలి

మొదటిది ప్రాణవాయువు అవసరం. రక్తం ఎక్కించడం దేనికంటే ఒంట్లోని కణాలకు ఆక్సిజన్ చేర్చడానికి, అంతేగాని ముఖంలో రంగు రావడానికి కాదు, నీరసం పోవడానికీ కాదు. రెండవది ఆ రక్తం రోగనిరోధక వ్యవస్థ మీద మోపే భారం. మూడవది రోగి జబ్బు స్వభావం: గుండెకు దెబ్బ తగిలినవాడికి, సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ఉన్నవాడికి, మూత్రపిండం మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాడికి ఒకే కొలత సరిపోదు. నాలుగవది చేతిలో ఉన్న సమయం, దొరికే సదుపాయం. ఖర్చు కూడా ఉంది, కాదనను. కానీ రక్తంలోని తెల్లకణాలను వడపోసే ఫిల్టరు ధరకు భయపడి వద్దని, ఆ తర్వాత వారం రోజులు ఐసీయూ అద్దె కట్టిన కుటుంబాలను చూశాను గనుక దాన్ని చివర పెట్టాను.

ఈ నాలుగింటిలో జనానికి తెలియనిది రెండవదే. కొంచెం నిదానంగా దాని దగ్గర ఆగుదాం.

సంచిలోని రక్తం ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది

రక్తం ఎక్కించడమంటే సెలైన్ ఎక్కించినట్లు కాదు. అది మరొకరి ఒంటిలోని సజీవ కణజాలాన్ని మన ఒంటిలో నాటడం, ఒక రకంగా చిన్నపాటి అవయవ మార్పిడి. ఒక మామూలు యూనిట్‌లో ఎర్రకణాలతో పాటు దాత తాలూకు తెల్లకణాలు వంద కోట్ల మేరకు ఉంటాయి. ఆ కొత్తవాళ్ళను రోగి రోగనిరోధక వ్యవస్థ గమనించకుండా ఉండదు.

ఈ సంగతి మొదట బయటపడింది మేలు రూపంలోనే. 1973లో ఓపెల్జ్ బృందం, మార్పిడికి ముందు రక్తం ఎక్కించుకున్న రోగుల్లో కొత్త మూత్రపిండం ఎక్కువ కాలం నిలుస్తోందని గమనించింది. అంటే పరాయి అవయవాన్ని తిప్పికొట్టే శక్తి ఆ రోగుల్లో కొంత మెత్తబడింది. మూత్రపిండానికి అది వరమే. అయితే అదే మెత్తదనం క్యాన్సరు కణాల మీద, సూక్ష్మజీవుల మీద కూడా ఉంటే? 1981లో గాంట్ ఈ సందేహాన్నే క్యాన్సరు శస్త్రచికిత్సల విషయంలో లేవనెత్తాడు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ వాదన పూర్తిగా తేలలేదు, కానీ రక్తం ఎక్కించడం వల్ల రోగనిరోధక వ్యవస్థ నడత మారుతుందన్న మాటను ఇప్పుడెవరూ కాదనరు.

ఆ మార్పు రెండు దిక్కులా ఉంటుంది. ఒక వైపు, ఫ్రిజ్‌లో నిల్వ ఉన్న రోజుల్లో సంచిలోని తెల్లకణాలు చితికిపోతూ సైటోకైన్లు అనే రసాయనాలను వదులుతాయి. అవి రోగి ఒంట్లో జ్వరాన్ని, వాపును రగిలిస్తాయి. మరో వైపు, దాత తెల్లకణాలు, వాటి ముక్కలు, కరిగి తేలుతున్న హెచ్‌ఎల్‌ఏ అణువులు (కణాల మీద ఉండే గుర్తింపు ముద్రలు) రోగి టీ కణాలను, సహజ హంతక కణాలను, అంటే పరాయి కణాలతో పోరాడే తెల్లకణాలను మందగింపజేస్తాయి. ఎర్రకణాలు కూడా అమాయకమైనవి కావు. నిల్వలో పాతబడిన వాటిలో కొంత భాగం ఎక్కించిన మొదటి రోజులోనే ప్లీహంలో, కాలేయంలో ఉండే భక్షక కణాల పాలవుతుంది. నిల్వ గడువు ముగిసే నాటికి కూడా 24 గంటల తర్వాత కనీసం 75 శాతం కణాలు ఒంట్లో నిలవాలన్నది ప్రమాణం, అంటే మిగతా పావు వంతు దాకా పోయినా లెక్కకు సరిపోయినట్లే. ఆ చెత్త ఎత్తే పనిలో పడ్డ భక్షక కణాలకు బాక్టీరియాను పట్టుకునే తీరిక తగ్గుతుంది. ఎర్రకణం చిట్లి బయటపడిన ఇనుము బాక్టీరియాకు మేతవుతుంది. విడి హిమోగ్లోబిన్ రక్తనాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది.

ఆరోగ్యవంతుడికి ఇదంతా పెద్ద లెక్క కాదు, ఒళ్ళు సర్దుకుంటుంది. ఐసీయూలో ఉన్నవాడి సంగతి వేరు. సెప్సిస్‌లో గాని, పెద్ద శస్త్రచికిత్స తర్వాత గాని అతని రోగనిరోధక వ్యవస్థ అప్పటికే ఒక వైపు మండుతూ, మరో వైపు చచ్చుబడి ఉంటుంది. సంచిలోని రక్తం ఆ ఒంటికి రెండో దెబ్బ. మొదటి దెబ్బకు సిద్ధమై ఊపిరితిత్తుల్లో చేరి కూర్చున్న తెల్లకణాలకు ఈ రెండో దెబ్బ తగిలితే, కొందరిలో ఆరు గంటల్లోపే ఊపిరితిత్తులు నీరు నిండి ఆయాసం వస్తుంది. దీనికి ఎక్కువగా కారణమయ్యేవి, పలు కాన్పులైన స్త్రీల ప్లాస్మాలో ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రతిరక్షకాలు.

మొదటి ఎంపిక: 7 దాకా ఆగడమా, 10 వద్ద నిలబెట్టడమా

పాత తరం డాక్టర్లకు హిమోగ్లోబిన్ 10 (డెసిలీటరు రక్తానికి గ్రాములు) అన్నది గీత. దాన్ని చెరిపింది 1999లో కెనడాలో 838 మంది ఐసీయూ రోగుల మీద జరిగిన పరీక్ష. ఒక వర్గానికి 7 కంటే తగ్గినప్పుడే రక్తం ఇచ్చారు, మరో వర్గానికి 10 కంటే తగ్గగానే ఇచ్చారు. ముప్పై రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 18.7 శాతం, రెండవ వర్గంలో 23.3 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడా గట్టిది కాదు గాని, ధారాళంగా ఇస్తే మేలన్న నమ్మకం మాత్రం అక్కడితో పోయింది. 55 ఏళ్ళ లోపు వారిలో తేడా స్పష్టంగానే కనిపించింది: 5.7 శాతం, 13 శాతం.

తర్వాత వచ్చినవి ఒక్కో జబ్బుకు ఒక్కో జవాబు చెప్పాయి, మీరు ఎంచుకోవలసింది కూడా అలా జబ్బును బట్టే.

సెప్టిక్ షాక్‌లో, అంటే సెప్సిస్ ముదిరి బీపీ పడిపోయిన స్థితిలో ఉన్న రోగికి 7 దాకా ఆగవచ్చు. 2014లో స్కాండినేవియా దేశాల్లో సుమారు వెయ్యి మంది మీద 7, 9 గీతలను పోల్చి చూస్తే తొంభై రోజుల మరణాలు 43, 45 శాతంగా దాదాపు సమానంగా తేలాయి. ఫలితం సమానమైనప్పుడు తక్కువ సంచులు ఎక్కించుకోవడమే తెలివి.

కడుపులో రక్తస్రావమై, ఎండోస్కోపీ తర్వాత నిలకడగా ఉన్నవారికి ఆగడమే మేలని 2013లో బార్సిలోనా పరీక్ష తేల్చింది. ఆరు వారాలకు బతికి ఉన్నవారు 7 గీత వర్గంలో 95 శాతం, 9 గీత వర్గంలో 91 శాతం.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవారికి 8 సరిపోతుందని 2011లో రెండు వేల మంది మీద చేసిన పరీక్ష చెప్పింది. వాళ్ళకు గుండె జబ్బు గాని, దానికి దారితీసే ముప్పు గాని ఉన్నా అదే ఫలితం.

గుండెపోటు వచ్చినవారి దగ్గర మాత్రం ఈ పొదుపు సూత్రం తడబడుతుంది. 2023లో వెలువడిన 3,504 మంది పరీక్షలో ముప్పై రోజుల్లో మరణం లేదా మళ్ళీ గుండెపోటు, పొదుపు వర్గంలో 16.9 శాతం, 10 దగ్గర నిలబెట్టిన వర్గంలో 14.5 శాతం. ఇక్కడా తేడా గణాంకాల గీత దాటలేదు, అయినా మొగ్గు ఏ వైపు ఉందో కనిపిస్తూనే ఉంది. మీ నాన్నకు గుండెపోటు వచ్చి, హిమోగ్లోబిన్ 8 ఉండి, డాక్టరు రక్తం ఎక్కిస్తానంటే, "7 దాకా ఆగొచ్చట కదా" అని ఈ వ్యాసం చూపించి అడ్డుపడకండి.

తలకు దెబ్బ తగిలినవారి విషయమూ అంతే. మన బెంగళూరు, చెన్నై రోడ్ల మీద హెల్మెట్ లేకుండా పడి వచ్చే కుర్రవాళ్ళకు సంబంధించిన మాట కాబట్టి విడిగా చెబుతున్నాను. 2024లో వచ్చిన ఒక పరీక్షలో 9 వద్ద నిలబెట్టిన వర్గానికి, 7 దాకా ఆగిన వర్గం కంటే మెదడు పనితీరు మెరుగ్గా తేలింది. అదే ఏడాది మరో పరీక్షలో తేడా అంత గట్టిగా రాలేదు. మెదడు ఆక్సిజన్ కొరతను ఓర్చుకోలేదు కాబట్టి ఇక్కడ కొంత ధారాళంగా ఉండడమే నాకు సబబనిపిస్తుంది.

ఇక ఇన్ఫెక్షన్ల లెక్క. 2014లో అనేక పరీక్షలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, పొదుపుగా రక్తం ఇచ్చిన వర్గాల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయి. తర్వాతి విశ్లేషణలన్నీ అంత గట్టిగా ఆ మాట చెప్పలేదు. కాబట్టి "రక్తం ఎక్కిస్తే న్యుమోనియా వస్తుంది" అని ఎవరైనా తేల్చి చెబితే నమ్మకండి, "ఏమీ కాదు" అని తేల్చి చెప్పినా నమ్మకండి.

ఎంత అన్నది కూడా ఇక్కడే తేలాలి. ఒక యూనిట్ పెద్దవారిలో హిమోగ్లోబిన్‌ను సుమారు ఒక గ్రాము పెంచుతుంది. "రెండు యూనిట్లు" అని జంటగా రాయడం మన దగ్గర పాత అలవాటు. రక్తస్రావం లేని రోగికి ఒకటి ఎక్కించి, మళ్ళీ పరీక్ష చేసి, అప్పుడు రెండో దాని గురించి ఆలోచించడం ఇప్పటి పద్ధతి. రెండో సంచి ఆగితే రోగనిరోధక భారమూ సగం ఆగినట్లే. వయసు మళ్ళినవారిలో, గుండె బలహీనమైనవారిలో ఒంట్లో ద్రవం ఎక్కువై ఊపిరాడకపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

రెండవ ఎంపిక: ఏ పద్ధతిలో సిద్ధం చేసిన రక్తం

| రకం | దేన్ని తగ్గిస్తుంది | దేన్ని తగ్గించదు | ఎవరికి ముఖ్యం |
|---|---|---|---|
| మామూలు ఎర్రకణాలు | ఏదీ కాదు | తెల్లకణాలన్నీ ఉంటాయి | వేరే దారి లేని అత్యవసరం |
| బఫీ కోట్ (తెల్లకణాల పొర) తీసినవి | తెల్లకణాల్లో సుమారు 70 నుంచి 80 శాతం | మిగిలినవి | ఫిల్టరు అందనప్పుడు |
| వడపోసినవి | జ్వరం, సైటోమెగలో వైరస్, హెచ్‌ఎల్‌ఏ ప్రతిరక్షకాలు | దాత టీ కణాల దాడి (మూడవ ఎంపికలో చెబుతాను) | ఐసీయూ రోగి, డయాలసిస్, క్యాన్సరు |
| రేడియేషన్ ఇచ్చినవి | దాత టీ కణాల దాడి | సైటోకైన్లు, జ్వరం | రక్తసంబంధీకుల రక్తం, మూలకణ మార్పిడి, కొన్ని రకాల క్యాన్సర్లు |
| కడిగినవి | ప్లాస్మా, అందులోని ప్రోటీన్లు | తెల్లకణాలు చాలావరకు మిగులుతాయి | తీవ్రమైన అలర్జీ, ఐజీఏ (ఒక రకం ప్రతిరక్షకం) లోపం |

పట్టికలో మూడో వరుస దగ్గర ఆగండి. ఐసీయూ రోగులలో ఎక్కువ మందికి నేను సిఫార్సు చేసేది అదే. వడపోత వల్ల వంద కోట్ల తెల్లకణాలు 50 లక్షల లోపుకు దిగుతాయి. బ్రిటన్, కెనడా దేశాలు 1999 ప్రాంతంలో రక్తం మొత్తాన్నీ వడపోసి ఇవ్వడానికి మారాయి. మన దేశంలో అది అందరికీ తప్పనిసరి కాదు, డాక్టరు రాస్తేనో, రోగి తరఫువారు అడిగితేనో దొరుకుతుంది.

దాని వల్ల ప్రాణాలు నిలుస్తాయా? సాక్ష్యం రెండు నాల్కలతో మాట్లాడుతుంది. 1998లో నెదర్లాండ్స్‌లో గుండె శస్త్రచికిత్స రోగుల మీద చేసిన పరీక్షలో వడపోసిన రక్తం పొందినవారిలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. కెనడాలో మార్పుకు ముందు, తర్వాత లెక్కలు చూసినప్పుడు మరణాలు 7.03 శాతం నుంచి 6.19 శాతానికి తగ్గాయి. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద పరీక్షలో మాత్రం ఆసుపత్రి మరణాల్లో తేడా ఏమీ రాలేదు. కాబట్టి వడపోత ప్రాణం పోస్తుందని చెప్పను. జ్వరం తగ్గిస్తుంది, భవిష్యత్తులో అవయవ మార్పిడికి దారి మూసుకోకుండా కొంత కాపాడుతుంది, బ్లడ్ బ్యాంకులోనే చేస్తే హాని చేయదు అని చెబుతాను. ఐసీయూలో జ్వరం వస్తే అది ఇన్ఫెక్షనా, రక్తం వల్లనా అని తేల్చడానికి కల్చర్లు, కొత్త యాంటీబయాటిక్లు మొదలవుతాయని గుర్తుంటే, ఒక్క జ్వరం తప్పడం చిన్న లాభమేమీ కాదు.

ఎప్పుడు వడపోశారన్నది అంతకంటే ముఖ్యం. రక్తం తీసిన వెంటనే బ్లడ్ బ్యాంకులో వడపోస్తే తెల్లకణాలు సైటోకైన్లు వదలకముందే పోతాయి. మంచం పక్కన గొట్టానికి ఫిల్టరు తగిలించి వడపోస్తే కణాలు ఆగుతాయి గాని, ఇరవై రోజులుగా అవి సంచిలో వదిలిన రసాయనాలు నేరుగా లోపలికి పోతాయి. ఒకసారి, ఆసుపత్రి పేరు అనవసరం, రాత్రి పదకొండింటికి బయట మందుల షాపులో కొన్న ఫిల్టరుతో రక్తం మొదలుపెట్టిన పది నిమిషాల్లో ఒక పెద్దాయన బీపీ పడిపోయింది. ఆయన బీపీకి వాడుతున్నది పేరు చివర "ప్రిల్" అని వచ్చే రకం మాత్ర. ఆ మందులు వాడేవారిలో మంచం పక్కన ఫిల్టరుతో ఇలా జరగవచ్చని తెలిసినవారు ఆ గదిలో ఎవరూ లేకపోయారు. రక్తం ఆపగానే ఆయన కోలుకున్నాడు. అప్పటి నుంచి కౌంటరు దగ్గర నేను అడిగే ప్రశ్నల్లో ఆ మాత్ర కూడా చేరింది.

కడిగిన రక్తం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కడిగాక 24 గంటల్లో వాడేయాలి, అలర్జీ చరిత్ర ఉన్నవారికి తప్ప దాని కోసం పరుగెత్తే పని లేదు.

కొత్త రక్తమా, పాత రక్తమా అన్న తర్కాన్ని కూడా తొందరగానే ముగించవచ్చు. నిల్వలో ఎర్రకణాలు మారిపోతాయి, నిజమే. ఆక్సిజన్‌ను వదలడానికి తోడ్పడే 2,3-డీపీజీ అనే పదార్థం రెండు వారాల్లో దాదాపు అడుగంటుతుంది, ఎక్కించాక ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ పుంజుకుంటుంది. కానీ 2015లో 2,430 మంది ఐసీయూ రోగుల మీద, 2017లో దాదాపు 5,000 మంది మీద చేసిన పరీక్షల్లో తాజా రక్తం పొందినవారు ఎక్కువగా బతకలేదు. గడువు లోపు ఉన్న సంచి ఏదైనా తీసుకోవచ్చు. పసిపిల్లలకు పెద్ద మొత్తంలో ఎక్కించేటప్పుడు పొటాషియం కారణంగా డాక్టర్లు తాజాదే అడుగుతారు, అది వేరే సంగతి.

మూడవ ఎంపిక: ఎవరి రక్తం

ఇప్పుడు మీరు మొదట అడిగిన ప్రశ్నకు వచ్చాం. దీనికి జవాబు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మరో చోట కంటే ఒక పిసరు వేరుగా ఉండాలి.

ఒక సాయంత్రం కుప్పం వైపు నుంచి ముగ్గురు అన్నదమ్ములు జీపులో వచ్చారు. తల్లికి పేగు ఆపరేషన్ అయి ఐసీయూలో ఉంది. గ్రూపు ముగ్గురికీ సరిపోయింది. "మాయమ్మకు మేం ముగ్గురు కొడుకులం ఉండాం సార్, బయటోళ్ళ రక్తం ఎందుకు? మా రక్తం తీసి ఇప్పుడే వేడివేడిగా ఎక్కించండి" అన్నాడు పెద్దవాడు. నేను ఒకటే అడిగాను: "మీ నాయన మీ అమ్మకు ఏమవుతాడు నాయనా?" "మేనమామే సార్" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్లు చూస్తూ.

ఆ ప్రశ్న ఎందుకంటే, మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తింపు ముద్రలు రెండు వరుసలుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఆ రెండు వరుసలూ ఒకటే అయ్యే అవకాశం పెరుగుతుంది. అలాంటి కొడుకు రక్తం తల్లికి ఎక్కిస్తే ఏమవుతుంది? తల్లి ఒంటికి ఆ తెల్లకణాల మీద తన ముద్రే కనిపిస్తుంది కాబట్టి వాటిని పరాయివని గుర్తించి చంపదు. ఆ తెల్లకణాలకు మాత్రం తల్లి రెండో ముద్ర పరాయిదే. కాపలావాడు చుట్టమనుకొని లోపలికి రానిచ్చినవాడే ఇంటిమీద పడినట్లు, దాత టీ కణాలు స్థిరపడి చర్మం మీద, కాలేయం మీద, పేగు మీద, చివరికి ఎముక మూలుగ మీద దాడి చేస్తాయి. రక్తం ఎక్కించిన రెండు రోజుల నుంచి నెల లోపు జ్వరం, ఎర్రటి దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు, తర్వాత రక్తకణాలన్నీ పడిపోవడం. ఐసీయూలో దీన్ని మందుల అలర్జీ అనో, సెప్సిస్ అనో పొరబడటం తేలిక. చాలా అరుదైన జబ్బే, కానీ వచ్చినవారిలో నూటికి తొంభై మందికి పైగా చనిపోతారు.

తాజా రక్తంలో టీ కణాలు చురుగ్గా ఉంటాయి కనుక "వేడివేడి" రక్తంలోనే ప్రమాదం ఎక్కువ. వడపోత దీన్ని పూర్తిగా ఆపలేదు. ఆపేది రేడియేషన్ ఒక్కటే, సంచి మధ్య భాగానికి కనీసం 25 గ్రేల మోతాదు. జపాన్‌లో గుండె శస్త్రచికిత్సల్లో బంధువుల తాజా రక్తం వాడే రోజుల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించి, దేశమంతటా రక్తానికి రేడియేషన్ ఇవ్వడం మొదలుపెట్టాకే అదుపులోకి వచ్చింది. ఆ యంత్రం ప్రతి బ్లడ్ బ్యాంకులో ఉండదు. మేనమామను, మేనత్త కొడుకును చేసుకోవడం మామూలైన మన ప్రాంతంలో, యంత్రం లేని చోట నా సలహా ఒకటే: తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామ, మేనల్లుడు, వీరెవరి రక్తమూ నేరుగా రోగికి వద్దు.

వాళ్ళ రక్తం వృథా కాదు. మేము ఆ ముగ్గురి దగ్గరా తీసుకొని నిల్వలో పెట్టాం, తల్లికి నిల్వలో ఉన్న పరాయి దాతల సంచులు ఇచ్చాం. చిన్నవాడికి కోపం తగ్గలేదు. "ఇది ఎవరిదో చెప్పండి" అని పట్టుబట్టాడు. మేము చెప్పలేమన్నాక, సంచి మీద నంబరును అరచేతి వెనక పెన్నుతో రాసుకొని వెళ్ళాడు.

బంధువుల రక్తం వద్దనడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కిస్తే, ఆమె ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలు రేపటి బిడ్డ మీద పడవచ్చు. డయాలసిస్‌లో ఉన్న మనిషికి రేపు మూత్రపిండం ఇవ్వబోయే తమ్ముడే ఈరోజు రక్తం ఇస్తే, ఆ మూత్రపిండాన్నే ఒళ్ళు తిప్పికొట్టే పరిస్థితి రావచ్చు. 1973 నాటి మేలు గురించి మొదట చెప్పాను గాని, ఇప్పుడు మంచి మందులు వచ్చాక ఆ మేలు అక్కర్లేకుండా పోయింది, కీడు మాత్రం మిగిలింది. స్విమ్స్ లాంటి మార్పిడి కేంద్రాల చుట్టూ తిరిగే కుటుంబాలు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.

డబ్బు తీసుకొని రక్తం ఇస్తామని ఆసుపత్రి గేటు దగ్గర పలకరించేవాళ్ళను మాత్రం దగ్గరికి రానివ్వకండి. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం.

రక్తానికి బదులుగా

ఐసీయూలో రోజూ పరీక్షలకు తీసే రక్తం 40 నుంచి 70 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. వారం రోజులుంటే ఒక యూనిట్ వరకూ మనమే తీసి, మళ్ళీ మనమే ఎక్కిస్తున్నట్లు లెక్క. తక్కువ పరిమాణం పట్టే ట్యూబులు వాడితే ఎక్కించవలసిన రక్తం తగ్గవచ్చని 2023లో కెనడా ఐసీయూల పరీక్ష సూచించింది. "ఈ పరీక్ష ఈరోజు అవసరమా సార్" అని మర్యాదగా అడగడం రోగి కుటుంబం చేతిలో ఉన్న ఎంపికల్లో అన్నిటికంటే చవకైనది, దానికి రోగనిరోధక భారం సున్న.

ఇనుము ఇంజక్షన్లు, ఎర్రకణాలను పుట్టించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను ఐసీయూలో అంతగా పనిచేయవు. వాపు ఉన్నప్పుడు హెప్సిడిన్ అనే హార్మోను ఇనుమును నిల్వల్లోనే తాళం వేసి ఉంచుతుంది. ఎరిత్రోపోయిటిన్‌తో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం పెరిగిందని 2007 పరీక్షలో తేలింది. డయాలసిస్ రోగుల్లో, నిదానంగా చేయబోయే ఆపరేషన్లకు ముందు మాత్రం ఈ రెండూ మంచి ఎంపికలే.

వానాకాలంలో డెంగీతో వచ్చేవారి కోసం ఒక మాట. ప్లేట్‌లెట్లు 20,000కు పడినా రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లాభం లేకపోగా దుష్ప్రభావాలు పెరిగాయని సింగపూర్, మలేసియాల్లో చేసిన పరీక్ష 2017లో చెప్పింది. ప్లేట్‌లెట్ల మీద కూడా హెచ్‌ఎల్‌ఏ ముద్రలుంటాయి. అనవసరంగా పదేపదే ఎక్కిస్తే, నిజంగా అవసరమైన రోజున ఒళ్ళు వాటిని నిలవనివ్వకపోవచ్చు.

చీటీ చేతికి వచ్చినప్పుడు

డ్యూటీ డాక్టరును అడగవలసినవి ఇవి: ఇప్పుడు హిమోగ్లోబిన్ ఎంత, రక్తం పోతోందా, ఒక యూనిట్‌తో ఆగి చూడవచ్చా, వడపోసింది రాస్తారా, మార్పిడి గాని క్యాన్సరు చికిత్స గాని ముందుంటే రేడియేషన్ అవసరమా. బ్లడ్ బ్యాంకులో చెప్పవలసినవి: ఇంతకు ముందు రక్తం ఎక్కించినప్పుడు జ్వరం వచ్చిందా, కాన్పులెన్ని, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, రక్తం ఇవ్వబోయేవారు రోగికి ఏమవుతారు. చివరి ప్రశ్నకు "స్నేహితుడు" అని అబద్ధం చెప్పి సొంత తమ్ముణ్ణి పంపినవాళ్ళు ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

రక్తం మొదలైన తొలి పదిహేను నిమిషాలు నర్సు మంచం పక్కనే ఉండాలి. ఆ సమయంలో చలి, నడుము నొప్పి, దద్దుర్లు వస్తే వెంటనే చెప్పాలి. ఆరు గంటల్లోపు ఆయాసం పెరిగితే అది రక్తం వల్ల కావచ్చని గుర్తు చేయాలి. సంచి నాలుగు గంటల్లో అయిపోవాలి. ఇంటికి వెళ్ళాక నెల లోపు జ్వరంతో దద్దుర్లు వస్తే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా రక్తం ఎక్కించుకున్న తేదీ ముందు చెప్పాలి. కుప్పం కుర్రవాడు కోపంతో చేసిన పని నిజానికి ప్రతి కుటుంబం చేయవలసినదే. సంచి మీద ఉన్న నంబరు, తేదీ, రకం ఒక కాగితం మీద రాసి డిశ్చార్జి సమ్మరీతో పాటు దాచండి. దాని ద్వారా ఏ దాత రక్తమో బ్లడ్ బ్యాంకు రికార్డుల్లో ఎప్పుడైనా వెతికి పట్టుకోవచ్చు.